మనుషులు వదిలేసిన ఐరోపా ఊళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రయాణాల పేజీకి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: ఐరోపాలో జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన ఊళ్లు. మన రెవెన్యూ రికార్డుల్లో బేచిరాగు గ్రామాలని రాసే బాపతువి. చూడాలన్న కోరిక చాలామందికి ఉంది. ఎలా వెళ్లాలో, లోపలికి రానిస్తారో లేదో తెలియక ఆగిపోతున్నారు. జవాబులకు ముందు ఒక్క మాట. ఊరు ఖాళీ అయినంత మాత్రాన దిక్కులేనిది కాదు. దాని వెనక ఒక మునిసిపాలిటీయో, సైన్యమో, ఇంటి కాగితాలు ఇంకా దాచుకున్న వారసులో ఉంటారు. ఊరు ఎందుకు ఖాళీ అయింది, ఇప్పుడు తాళం ఎవరి చేతిలో ఉంది అనే రెండు సంగతులు ముందు తెలుసుకోండి. టికెట్టు, దారి, బూట్లు, జాగ్రత్తలు అన్నీ వాటిని బట్టే తేలతాయి.

ప్రశ్న: మే నెలలో నేనూ మావారూ ఇటలీ వెళ్తున్నాం. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఖాయమయ్యాయి. మధ్యలో ఒక రోజు మిగులుతోంది. కారు నడపం. రైల్లో, బస్సులో వెళ్లగలిగే పాత ఊరేదైనా ఉందా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఉందండీ, మీ దారిలోనే ఉంది. చివితా ది బాన్యోరెజియో. పూర్తిగా నిర్జనం కాదు, పది పన్నెండు మంది ఇంకా ఉంటున్నారు. ఇటలీ వాళ్లు దాన్ని చచ్చిపోతున్న ఊరంటారు. పైన అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన రాయి, కింద బంకమట్టి. వానకు కింది మట్టి కరిగి జారుతుంది, ఆధారం పోయిన పై రాయి పెచ్చులుగా విరిగి పడుతుంది. వందల ఏళ్లుగా ఊరు అంచుల నుంచి అలా తరిగిపోతూనే ఉంది. అంచున ఉన్న కొన్ని ఇళ్లకు ముందు గోడ మాత్రమే మిగిలింది. కిటికీలోంచి చూస్తే గది కనబడదు, లోయ కనబడుతుంది.

రోమ్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్లే లైన్లో ఓర్వియేతో స్టేషన్లో దిగాలి. వేగరైళ్లు చాలావరకు అక్కడ ఆగవు. ప్రాంతీయ రైలు ఎక్కండి, గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. కాగితం టికెట్టయితే ప్లాట్‌ఫాం మీదున్న చిన్న యంత్రంలో ముద్ర వేయించుకున్నాకే రైలెక్కాలి. చేతిలో టికెట్టున్నా ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు. ఓర్వియేతో నుంచి బాన్యోరెజియోకు కోట్రల్ సంస్థ బస్సు ఉంది. ట్రిప్పులు చాలా తక్కువ. ఆదివారాలు, పండుగ రోజుల్లో బస్సు ఉండదన్న లెక్కతోనే బయల్దేరండి. బస్సు టికెట్టు పొగాకు దుకాణాల్లో, బార్లలో అమ్ముతారు. తిరుగు టికెట్టు కూడా అప్పుడే కొని పెట్టుకోండి, బాన్యోరెజియోలో మధ్యాహ్నం దుకాణాలు మూసేస్తారు.

బస్సు దిగాక వంతెన దాకా దాదాపు రెండు కిలోమీటర్ల నడక. కాలినడక వంతెన ఒక్కటే దారి. మొదట దిగువకు సాగి, చివర్లో నిటారుగా ఎక్కుతుంది. ప్రవేశ రుసుము 5 యూరోలు. ఒకే రోజులో రోమ్ నుంచి వెళ్లి రావాలని హడావుడి పడకండి. ఓర్వియేతోలో ఒక రాత్రి ఉండి, మర్నాడు అటునుంచటే ఫ్లోరెన్స్ రైలెక్కడం మేలు. పగటి జనం ఐదు గంటలకల్లా వెళ్లిపోతారు. ఆ తర్వాత గంటసేపు ఉండగలిగితే ఊరి అసలు రూపం చూస్తారు. ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కోండి, లేదంటే టాక్సీకి డబ్బు పక్కన పెట్టుకోండి.

ప్రశ్న: క్రాకో చూడాలని ఉంది. నలుగురం స్నేహితులం, కారు అద్దెకు తీసుకుందాం అనుకుంటున్నాం. తెలంగాణ లైసెన్సు సరిపోతుందా? ఎన్ని రోజులు పెట్టుకోవాలి?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: క్రాకో ఇటలీ దక్షిణాన బాసిలికాటా ప్రాంతంలో ఉంది. రోమ్ నుంచి వెళ్లొద్దామనుకోకండి. షంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో బారీకి టికెట్టు చూసుకోండి. బారీ నుంచి మటేరా 65 కిలోమీటర్లు, మటేరా నుంచి క్రాకో దాదాపు 50. మటేరాలో మూడు రాత్రులు బస పెట్టుకుంటే చాలు. మటేరా కూడా చూడాల్సిన ఊరే. కొండను తొలిచి కట్టిన సాస్సీ ఇళ్లలో జనం పశువులతో పాటు బతుకుతున్నారని 1952లో ప్రత్యేక చట్టం చేసి వాళ్లను బయటి కాలనీలకు తరలించారు. 1993లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు అవే గుహ ఇళ్లు హోటళ్లు.

క్రాకో కథ వేరు. శిఖరం మీది రాతి ఊరు కింద బంకమట్టి పొరలున్నాయి. 1963లో పెద్ద కొండచరియ జారి జనాన్ని ఖాళీ చేయించారు. నీటి పైపులు, మురుగు కాలువల పనులు నేలను మరింత కదిలించాయని చెబుతారు. 1972లో వరద, 1980లో భూకంపం వచ్చాక తిరిగి రావాలన్న ఆశ కూడా పోయింది. వాళ్లంతా కింద లోయలో క్రాకో పెస్కియేరాలో స్థిరపడ్డారు. లోపలికి గైడుతోనే వెళ్లాలి. ఊరి కింద ఉన్న కార్యాలయంలో టికెట్టు తీసుకుంటే హెల్మెట్ ఇస్తారు. ఊరంతా తిప్పరు, భద్రమని తేల్చిన దారి వరకే. చెప్పులతో, శాండల్స్‌తో వెళ్తే వెనక్కి పంపొచ్చు. వాన పడితే ప్రవేశం ఆపేస్తారు. అందుకే రెండు రోజులు చేతిలో ఉంచుకుని మొదటి రోజే వెళ్లండి, రెండోది వానకు వదిలేయండి. జూలై, ఆగస్టుల్లో ఎండ మన వేసవిలాగే మాడ్చేస్తుంది, నీడ లేదు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం, లేదా సెప్టెంబరు చివర, అక్టోబరు మంచి కాలం.

ఇక కారు. తెలంగాణ లైసెన్సు ఒక్కటే చాలదు, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా నకళ్లతో రవాణా శాఖకు దరఖాస్తు చేస్తే ఇస్తారు. కేంద్ర నిబంధనల ప్రకారం రుసుము 1,000 రూపాయలు, దాని మీద సర్వీసు ఛార్జీ. చెల్లుబాటు ఒక ఏడాది. ప్రయాణంలో పర్మిట్, అసలు లైసెన్సు రెండూ దగ్గరుండాలి.

అద్దె కౌంటర్ దగ్గర మనవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు క్రెడిట్ కార్డు. డిపాజిట్ కోసం కొంత మొత్తం బిగించి పెడతారు. నడిపేవాళ్ల పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతారు. ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు చాలాచోట్ల ఒప్పుకోరు, డబ్బు కట్టేసినా కారు ఇవ్వరు. నలుగురిలో ఎవరి కార్డులో పరిమితి ఎక్కువో వాళ్ల పేరు మీదే బుక్ చేయండి. గేర్ల కార్లే ఎక్కువ, ఆటోమేటిక్ కావాలంటే చాలా ముందే చెప్పాలి. పాత ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ (బయటి కార్లను రానివ్వని ప్రాంతం) అని రాసిన తెల్ల బోర్డు, ఎర్ర వలయం కనిపిస్తే కారు లోపలికి పోనివ్వకండి. పైన కెమెరా ఉంటుంది. జరిమానా నెలల తర్వాత హైదరాబాద్ ఇంటికి వస్తుంది, అద్దె సంస్థ విడిగా రుసుము వసూలు చేస్తుంది. మటేరాలో హోటల్ వాళ్లనే అడగండి, కారు ఎక్కడ పెట్టాలో చెబుతారు. ఊరి బయట మనిషి లేని పెట్రోలు పంపుల్లో కార్డు పెడితే దాదాపు 100 యూరోలు తాత్కాలికంగా బిగుసుకుంటాయి. కొన్ని రోజుల్లో వదులుతారు, కంగారు పడకండి. నోట్లు తీసుకునే పంపయితే 20 యూరోల నోటు పెట్టడం సుఖం. దారిలో ఫ్రానా అన్న బోర్డు కనిపిస్తే ముందు కొండచరియ జారిందని అర్థం. మ్యాప్ ఏం చెప్పినా వెనక్కి తిప్పి వేరే దారి పట్టండి.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. పాడుబడ్డ ఇళ్ల ఫొటోలు తీయాలని ఉంది. అడ్డూ ఆపూ లేని చోట ఇంటి లోపలికి వెళ్లొచ్చా? నేల గట్టిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?
— ఒక విద్యార్థిని, మాసబ్ ట్యాంక్

జవాబు: కాలితో తొక్కి చూసి తెలుసుకోవచ్చన్నది పెద్ద అపోహ. ఇటలీ, స్పెయిన్ పాత ఇళ్లలో కొయ్య దూలాల చివర్లు గోడలోని గూళ్లలో కూర్చుని ఉంటాయి. ముందు పైకప్పు పెంకులు పోతాయి. వాన నేరుగా గోడ తలమీద పడుతుంది. రాతికీ సున్నానికీ నీళ్లు పట్టి గోడ నెలల తరబడి తడిగా ఉంటుంది. దూలం చివర ఆ తడిలోనే నానుతూ కుళ్లిపోతుంది. గది మధ్యలో దూలానికి గాలి తగులుతుంది కాబట్టి అక్కడ గట్టిగానే ఉంటుంది. మీరు తొక్కి చూసేది మధ్య భాగాన్ని. మోత గట్టిగానే వస్తుంది. విరిగేది గోడ లోపల, మీ కంటికి కనబడని చోట. కూలితే ఏ పలకో కాదు, నేలంతా ఒకేసారి కూలుతుంది. కాబట్టి పై అంతస్తు ఎక్కొద్దు. పైకప్పులేని ఇంట్లో అయితే అసలే వద్దు.

కింది అంతస్తులో నిలబడేటప్పుడు మూడు చూడండి. గుమ్మం మీది కొయ్య పట్టె కుంగి, దాని పైన రాళ్ల మధ్య మెట్లుమెట్లుగా బీట పోతే ఆ గుమ్మంలోంచి దూరకండి. ఇటుకల వంపు కప్పుకు సరిగ్గా నడినెత్తిన పొడవునా బీట కనిపిస్తే గోడలు రెండు పక్కలకీ విచ్చుకుంటున్నాయని అర్థం. వాటిని పట్టి ఉంచిన ఇనప కడ్డీ తుప్పుపట్టి తెగినప్పుడు అలా అవుతుంది. మూడోది, పై ఆధారమేదీ లేకుండా ఒంటరిగా నిలబడ్డ గోడ. దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండండి. వాన వెలిసిన మర్నాడు, గాలి గట్టిగా వీచే రోజు ఆ దూరం కూడా చాలదు. పొదలు కమ్మిన పెరట్లో నడవొద్దు. బావులు, నీటి తొట్లు కొయ్య మూతలతో ఉంటాయి, మూత కుళ్లి పైన గడ్డి మొలుస్తుంది.

అడ్డూ ఆపూ లేదంటే అనుమతి ఉన్నట్టు కాదు. ఇటలీలో వియెతాతో, పెరికోలో, ప్రొప్రియెతా ప్రివాతా, ఫ్రాన్సులో డాంజే, జర్మనీలో బెట్రేటెన్ ఫెర్బోటెన్, స్పెయిన్లో ప్రొయిబీదో అన్న మాటల్లో ఏది కనిపించినా అక్కడికి ఆగండి. ప్రయాణ బీమా పాలసీల్లో చట్టవిరుద్ధమైన పనిలో తగిలిన దెబ్బలకు డబ్బు రాదన్న షరతు సాధారణంగా ఉంటుంది. కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చంతా మీ నెత్తిన పడుతుంది. మీ చదువుకు బయటి నుంచి చూసినా చాలినంత దొరుకుతుంది. కూలిన గోడ ఇంటిని నిలువునా కోసి చూపిస్తుంది. దూలం, గూడు, సున్నం పొర, పెంకు ఒకే ఫొటోలో వస్తాయి. సిసిలీలో గిబెల్లీనా తప్పక చూడండి. 1968 జనవరి బెలీచె లోయ భూకంపంలో నేలమట్టమైన ఊరి శిథిలాలను కళాకారుడు ఆల్బెర్తో బుర్రీ తెల్ల కాంక్రీటు దిమ్మెల కింద కప్పేశాడు. దిమ్మెల మధ్య సందులు చాలావరకు పాత వీధుల వరసలోనే ఉంటాయి, వాటిలో నడవొచ్చు.

సామాన్ల మాట. మడమ పైదాకా వచ్చే గట్టి అడుగు బూట్లు ఇక్కడే కొని, ప్రయాణానికి నెల ముందు నుంచి కేబీఆర్ పార్కులో తొడుక్కుని నడవండి. కొత్త బూట్లతో దిగితే రెండో రోజుకే పొక్కులు. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటితే డాక్టరును అడిగి మళ్లీ వేయించుకోండి, ప్రతి శిథిలంలోనూ తుప్పు మేకులుంటాయి. పావురాల రెట్ట ఎండి దుమ్ముగా లేచే చోటికి ఎన్95 మాస్కు కావాలి. బూడిద రంగు ముడతల రేకులు కనిపిస్తే తొక్కకండి, విరవకండి, అవి ఆస్‌బెస్టాస్ కావచ్చు. ఇటలీ దాన్ని 1992లోనే నిషేధించింది, కానీ పాత కప్పుల మీద ఇంకా ఉంది. గడ్డిలో నడిస్తే పొడుగు ప్యాంటు, అంచులు సాక్సుల్లోకి దోపాలి. పిడుదు పురుగు పట్టుకుంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నేరుగా లాగండి, నలపకండి, నూనె పూయకండి. తర్వాత కొన్ని వారాల్లో అక్కడ ఎర్రటి వలయం పెద్దదవుతుంటే డాక్టరుకు చూపించండి. దక్షిణ ఇటలీ కొండల్లో గొర్రెల మందను కాచే తెల్ల కుక్కలు ఎదురైతే పరుగెత్తొద్దు, మందకు దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి. అత్యవసరానికి ఐరోపా అంతటా నంబరు 112. ఫోన్లో ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోండి, మీరున్న చోటు అంకెల్లో చెప్పడం నేర్చుకోండి.

ప్రశ్న: నార్వేకు ఉత్తరాన రష్యా వాళ్లు వదిలేసిన పిరమిడెన్ అనే ఊరుందట. షెంగెన్ వీసాతో వెళ్లొచ్చా? వీసాకు ఇలాంటి ఊళ్ల పేర్లు రాస్తే తిరస్కరిస్తారా?
— ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: వెళ్లొచ్చు, కానీ ఒక మెలిక ఉంది. పిరమిడెన్ ఉన్న స్వాల్‌బార్డ్ దీవులు నార్వేవే అయినా షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల) పరిధిలో లేవు. ఓస్లో నుంచి అక్కడికి బయల్దేరితే షెంగెన్ దాటినట్టే, తిరిగొస్తే రెండోసారి ప్రవేశించినట్టే. సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్తే తిరిగి రావడానికి వీసా ఉండదు. దరఖాస్తులోనే డబుల్ లేదా మల్టిపుల్ ఎంట్రీ అడిగి, కారణం రాయండి.

మిగతా నియమాలు అన్ని షెంగెన్ దేశాలకూ ఒక్కటే. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి దరఖాస్తు, రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు వరకు ఇవ్వొచ్చు. వేసవిలో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రాల్లో అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి, మూడు నెలల ముందే కదలండి. రుసుము పెద్దలకు 90 యూరోలు. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. గత మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడి ఉంటే రెండేళ్ల మల్టిపుల్ వీసా ఇచ్చే పద్ధతి 2024 ఏప్రిల్ నుంచి మనవాళ్లకు ఉంది.

పాడుబడ్డ ఊరి పేరు రాసినంత మాత్రాన తిరస్కరించరు. బస లేని చోట రాత్రి చూపిస్తే మాత్రం అనుమానం వస్తుంది. క్రాకోలో ఒక రోజు అని రాయకండి, మటేరాలో మూడు రాత్రులు, అక్కడి నుంచి పగటిపూట క్రాకో అని రాసి హోటల్ బుకింగ్ జత చేయండి.

పిరమిడెన్ బొగ్గు గనుల ఊరు. 1927లో స్వీడన్ దాన్ని సోవియట్ యూనియన్‌కు అమ్మింది. 1998లో గని మూసేశారు. లెనిన్ విగ్రహం, ఈతకొలను, సాంస్కృతిక భవనం ఇంకా ఉన్నాయి. స్వాల్‌బార్డ్ ముఖ్య పట్టణం లాంగ్‌యేర్‌బ్యెన్ నుంచి వేసవిలో పడవ మీద వెళ్లి రావడానికి రోజంతా పడుతుంది. డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న తప్పక అడగండి: ఊళ్లో దింపుతారా, నీళ్ల మీది నుంచే చూపించి తిప్పేస్తారా? 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అక్కడి సంస్థలు కొన్ని రష్యా ఆధీనంలోని ఊళ్లలో దించడం మానేశాయి. దిగితే తుపాకి ఉన్న గైడును వదిలి పక్కకు పోవద్దు. ధ్రువపు ఎలుగుబంట్లు ఊళ్లోకే వస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయి ప్రిప్యాత్ వెళ్తానంటున్నాడు. రేడియేషన్ భయం ఎంత?
— ఒక తల్లి, ఏఎస్ రావు నగర్

జవాబు: ప్రస్తుతం ఆ భయం దాకా రానక్కర్లేదమ్మా. 2022 ఫిబ్రవరి నుంచి అక్కడికి పర్యాటకం లేదు, ఉక్రెయిన్ యుద్ధంలో ఉంది. తీసుకెళ్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దని చెప్పండి. 1986 ఏప్రిల్ 26న పక్కనే ఉన్న చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగితే, మర్నాడు మధ్యాహ్నం బస్సుల్లో దాదాపు 49,000 మందిని తరలించిన ఊరది. అలాంటి రియాక్టర్ గురించే తెలుసుకోవాలనుకుంటే లిథువేనియాలో ఇగ్నాలినా ఉంది. అదే రకం రియాక్టర్లు, 2009 చివర్లో పూర్తిగా ఆపేశారు, ఇప్పుడు విప్పుతున్నారు. ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి.

ప్రశ్న: హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. యుద్ధంలో పాడైన ఊళ్లను అలాగే ఉంచారని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు కళ్లారా చూడాలని ఉంది. ఎక్కడికి వెళ్లమంటారు?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉప్పల్

జవాబు: మాస్టారూ, రెండు ఊళ్లు చూడండి. ఫ్రాన్సులో ఒరదూర్ సుర్ గ్లాన్, స్పెయిన్లో బెల్చీతె. ఒకదాన్ని దుఃఖం కోసం అలాగే ఉంచారు, మరొకదాన్ని గెలిచినవాడు తన గెలుపు చాటుకోవడానికి ఉంచాడు. రెండూ చూస్తేనే శిథిలాన్ని ఎవరు, ఎందుకు కాపాడతారో తెలుస్తుంది.

ఒరదూర్‌లో 1944 జూన్ 10న జర్మన్ ఎస్ఎస్ సైనికులు ఊరి మగవాళ్లను కొట్టాల్లో కాల్చి చంపారు, ఆడవాళ్లనూ పిల్లలనూ చర్చిలో పెట్టి తగలబెట్టారు. మృతులు 643 మంది. చాలాకాలం 642 అని లెక్క ఉండేది, పాత పుస్తకాల్లో అదే కనిపిస్తుంది. చర్చిలోంచి ప్రాణాలతో బయటపడింది మార్గరీట్ రుఫాంష్ ఒక్కరే. ఊరిని ఉన్నదున్నట్టు వదిలేయాలని ఫ్రాన్సు నాయకుడు డిగాల్ నిర్ణయించారు, పక్కనే కొత్త ఊరు కట్టారు. పాత వీధిలో ట్రామ్ పట్టాలు, తీగల స్తంభాలు, గోడల మధ్య తుప్పుపట్టిన కుట్టు మిషన్లు కనిపిస్తాయి. మిషన్లు ఒకటి రెండు కాదు, ఇంటింటా ఉన్నాయి. వాటిని చూస్తే ఆ ఇళ్లలో ఎవరు కూర్చుని పనిచేసేవారో ఊహకు అందుతుంది. పారిస్ ఆస్తెర్లిట్స్ స్టేషన్ నుంచి లిమోజ్‌కు మూడున్నర గంటల రైలు, అక్కడి నుంచి ఊరు 22 కిలోమీటర్లు. ఒకే రోజులో పారిస్ నుంచి వెళ్లి రావడం కష్టం, లిమోజ్‌లో రాత్రి ఉండండి. ప్రవేశం 1999లో తెరిచిన స్మారక కేంద్రం లోంచి. ఊరు చూడటానికి రుసుము లేదు, ప్రదర్శనకు ఉంది. ముందు ప్రదర్శన, తర్వాత ఊరు చూడండి. చలికాలంలో కొన్ని వారాలు మూస్తారు, తేదీలు చూసుకోండి. లోపల గొంతు పెంచకూడదు. అక్కడ సెల్ఫీలు తీసుకోవద్దని మా విన్నపం.

బెల్చీతె జరగొసా నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. మాడ్రిడ్ నుంచి జరగొసాకు వేగరైల్లో గంటా పావు. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1937 ఆగస్టు 24 నుంచి సెప్టెంబరు 6 వరకు జరిగిన పోరులో ఊరు ధ్వంసమైంది. ఆ యుద్ధంలో గెలిచిన సేనాని ఫ్రాంకో దాన్ని బాగుచేయించలేదు, పక్కనే కొత్త బెల్చీతె కట్టించాడు. చివరి కుటుంబాలు 1964 దాకా శిథిలాల్లోనే ఉన్నాయి. కంచె ఉంది, గైడుతోనే ప్రవేశం, టికెట్టు ముందే బుక్ చేసుకోవాలి. వివరణ ఎక్కువగా స్పానిష్‌లోనే సాగుతుంది, కాబట్టి ఆ యుద్ధం గురించి ముందే చదువుకుని వెళ్లండి. మీకు చెప్పాల్సిన పని లేదనుకోండి.

ఫ్రాన్సులోనే వెర్డన్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధంలో మట్టిలో కలిసిన ఊళ్లున్నాయి. ఫ్లెరీలో ఒక్క గోడ కూడా లేదు. ఇల్లు, బేకరీ, బడి ఎక్కడుండేవో చెప్పే చిన్న పలకలు గుంటల మధ్య అడవిలో ఉన్నాయి. అక్కడ కాలిబాట దిగకండి. పేలని గుండ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

ప్రశ్న: మాది శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోయిన ఊరు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాం. ఐరోపాలో కూడా డ్యాముల కోసం ఖాళీ చేయించిన ఊళ్లు ఉన్నాయా?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఉన్నాయండీ, చాలా. మీరు చూడాల్సింది స్పెయిన్ పశ్చిమాన కాసెరెస్ ప్రాంతంలోని గ్రానదీయా. గాబ్రియేల్ ఇ గలాన్ జలాశయం కోసం 1950, 60ల్లో జనాన్ని పంపేశారు. పొలాలు మునిగాయి, ఊరు మాత్రం మునగలేదు. నీళ్లు ప్రహరీ దాకా వచ్చి ఆగాయి. అయినా తిరిగి రానివ్వలేదు. 1980లో చారిత్రక స్థలంగా ప్రకటించాక విద్యార్థుల శిబిరాలతో ఇళ్లు, చౌక్ బాగుచేయించారు. ప్రహరీ మీద నడవొచ్చు, కోట ఎక్కొచ్చు. ప్రవేశం ఉచితం. సోమవారం సెలవు, మధ్యాహ్నం కొన్ని గంటలు గేటు మూస్తారు. బస్సు లేదు, ప్లాసెన్సియా వైపు నుంచి కారులో వెళ్లాలి. ఏటా ఆగస్టు 15న, నవంబరు 1న పాత ఊరివాళ్లూ వాళ్ల పిల్లలూ అక్కడ కలుసుకుంటారు. వీలైతే ఆ రోజుల్లో వెళ్లండి. మీ ఊరి గురించి చెబితే ఆ మనుషులకు ఇంకెవరికన్నా బాగా అర్థమవుతుంది.

ఇటలీ ఉత్తరపు సరిహద్దులో కురోన్ ఉంది. 1950లో ఊరు నీట మునిగింది, చర్చి గంట గోపురం మాత్రం సరస్సులోంచి నిలబడి ఉంది. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే బయటపడే మన సంగమేశ్వరం గుడిలా కాకుండా ఏడాది పొడవునా కనబడుతుంది. మెరానో నుంచి మాల్స్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. గట్టు పక్కనే దిగుతారు.

ప్రశ్న: అమ్మకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. శాకాహారి. తనకూ ఇలాంటి ఊరొకటి చూపించాలి.
— ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: క్రాకో వద్దు. చివితా వంతెన చివరి ఎక్కుడు కష్టం. పరీక్ష కావాలంటే ఒక ఉదయం గోల్కొండలో బాలాహిస్సార్ దాకా ఎక్కించి దించండి, మర్నాడు మోకాళ్లు ఎలా ఉన్నాయో చూడండి. దిగడమే ఎక్కువ బాధిస్తుంది. బాగుంటే చివితా వెళ్లొచ్చు. లేదంటే కురోన్ మేలు, బస్సు దిగి నిలబడి చూడటమే. ఒరదూర్‌లోనూ పెద్ద ఎక్కుళ్లు లేవు, కానీ నడక ఎక్కువ, మనసుకు బరువు. ఇంగ్లండ్ వీసా కూడా ఉంటే డార్సెట్‌లో టైనమ్ చూపించండి. 1943 డిసెంబరులో సైనిక శిక్షణ కోసం ఖాళీ చేయించారు, ఇప్పటికీ సైన్యం చేతిలోనే ఉంది. చాలా శని, ఆదివారాల్లో తెరుస్తారు, కాల్పుల అభ్యాసం ఉన్న రోజుల్లో దారే మూసేస్తారు. కాల్పుల షెడ్యూలు రక్షణ శాఖ ముందే ప్రకటిస్తుంది. బడిలో పిల్లల బల్లలు, చర్చిలో ఊరి ఫొటోలు ఉన్నాయి. కారు ఇళ్ల దగ్గర్లోకే వెళ్తుంది.

తిండికి దక్షిణ ఇటలీ మన శాకాహారులకు చాలా నయం. ఫావె ఎ చికోరియా అడగండి: ఎండు ఫావా గింజల పప్పు మెత్తగా ఉడికించి, పక్కన చేదు ఆకుకూర పెడతారు. పెపెరోనీ క్రుస్కీ తప్పక తినాలి. ఎండబెట్టిన పెద్ద ఎర్ర మిరపకాయలను నూనెలో వేయించి ఇస్తారు, కరకరలాడటంలో మన చల్ల మిరపకాయలే, కారం మాత్రం ఉండదు. ఆకుకూర పాస్తాల్లో అచ్యూగె అనే చిన్న చేపలు కరిగించి కలుపుతారు, చూస్తే కనబడవు. మాంసం లేదంటే సరిపోదు, సెన్సా కార్నె, సెన్సా పేషె, సెన్సా అచ్యూగె అని మూడూ చెప్పండి. పార్మిజానో చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన తోడు వాడతారు, అమ్మకు పట్టింపు ఉంటే పైన చల్లొద్దని చెప్పాలి.

ప్రశ్న: వెనిస్ దగ్గర పొవేలియా దీవిలో దెయ్యాలున్నాయట. రాత్రి ఉండనిస్తారా?
— ఇంటర్ విద్యార్థులు, నారాయణగూడ

జవాబు: అక్కడికి ప్రయాణికుల పడవ లేదు. ఒకప్పుడు ఓడల్లో వచ్చినవాళ్లను అంటువ్యాధుల భయంతో ఆపి ఉంచిన చోటు, తర్వాత వృద్ధుల ఆసుపత్రి, 1968లో మూతపడింది. దెయ్యాల కథల కోసం ప్రైవేటు పడవ కట్టించుకుని రాత్రిపూట కుళ్లిన భవనంలోకి వెళ్లడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పైన దూలాల గురించి రాసింది మరోసారి చదవండి.

ప్రశ్న: చిన్న డ్రోన్ తీసుకెళ్లొచ్చా? గుర్తుగా ఒక పెంకు ముక్క తెచ్చుకుంటే తప్పా?
— ఒక ఫొటోగ్రాఫర్, బేగంపేట

జవాబు: తీసుకెళ్లొచ్చు. కెమెరా ఉన్న డ్రోన్ 250 గ్రాముల లోపే అయినా ఎగరేసేవాళ్లు యూరోపియన్ యూనియన్‌లో మొదట ఎగరేసే దేశంలో నమోదు చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో అవుతుంది, ఆ నంబరు డ్రోన్ మీద అంటించాలి. ఒక దేశంలో నమోదైతే మిగతా సభ్య దేశాల్లోనూ చెల్లుతుంది. అయినా ఊరి యాజమాన్యం అనుమతి విడిగా తీసుకోవాలి. ఒరదూర్‌లో ఆ ఆలోచనే వద్దు. బ్యాటరీలు చెక్ ఇన్ సామానులో పెట్టకండి, చేతి సంచిలోనే ఉండాలి, టెర్మినళ్లకు టేపు అంటించండి.

పెంకు ముక్క వద్దండీ. చారిత్రక స్థలాల నుంచి వస్తువు తీస్తే ఇటలీలో, స్పెయిన్లో నేరం. విమానాశ్రయంలో సంచి స్కానింగులో రాయి స్పష్టంగా కనిపిస్తుంది. డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే క్రాకోలో టికెట్టుతో పాటు అమ్మే పుస్తకమో, కింది ఊళ్లో రొట్టెల దుకాణంలో ఒక రొట్టో కొనండి.